హెచ్చు పాట

ఇష్పెమింగ్‌లో మంచు కురిస్తే
ఊరికంటే ముందు నా బండి లేస్తుంది.
ముందు పదకొండడుగుల పార, వెనక ఉప్పు,
పక్క సీట్లో ఫ్లాస్కు,
ఫ్లాస్కుకి ఆనించి ఫోను,
ఫోన్లో వేలం.

ఎడమ చేతి రెండు వేళ్లు
ఆరేళ్ల కిందట పార కొక్కెంలో నలిగాయి.
ఉన్నాయి గానీ ముడుచుకోవు.
చెయ్యి ఊపడానికి చాలు, గిటారు మెడకి చాలవు.

"ఒళ్లో పడుకోబెట్టి వాయించే రకం ఉంది కదా రేనో"
అన్నాడు ఆవిరిగదిలో ఎస్కో,
వేడిరాళ్ల మీద నీళ్లు చల్లుతూ.
"నొక్కక్కర్లేదు. ఉక్కు కడ్డీ జార్చడమే."
ఉక్కూ, జారడమూ
ఇరవయ్యేళ్లుగా నా ఉద్యోగమే.

కొత్తది కొనే జీతం కాదు.
డెబ్భై ఏళ్ల నాటివి చవక,
ఎవరికీ అక్కర్లేదు గనక.
ఇంటింటికీ తిరిగి పాఠాలమ్మినవాళ్లు
ముత్యపుచిప్ప రంగు ప్లాస్టిక్కు తొడిగి
పిల్లలకి అంటగట్టినవట.
నూట యాభై దాటను అని
డాష్‌బోర్డు మీద టేపు అంటించి రాసుకున్నాను.

మొదటిది మూడు డాలర్లలో పోయింది.
నెగానీ మలుపులో సిగ్నలు లేదు;
మలుపు దాటేసరికి గిటారూ లేదు.
చిన్నప్పుడు పశువుల సంతలో
ఒకటోసారి, రెండోసారి అని అరిచి
మూడోసారికి ముందు ఊపిరి తీసుకునేవాడు ముసలి పాటగాడు.
ఆ ఊపిరిలో
మా నాన్న రెండు ఆవుల్ని గెలిచాడు.
ఇక్కడ ఊపిరి తీసుకోరు.
అంకెలు ఎర్రబడతాయి, అంతే.

రెండోది నా తెలివి.
పేరు తప్పు రాసినవాళ్లని వెతికాను.
టెర్రహోట్ నుంచి ఎర్లీన్ అనే ఆవిడ
ఒక అక్షరం మింగేసి పెట్టింది.
నలభై ఒకటి దగ్గర ఒక్కణ్ణే పాడుతున్నాను.
"పిల్లల గిటారు. తీగలు మరీ ఎత్తు.
వేలికి అందవు. పాడైనట్టుంది."

పాడవలేదమ్మా, అది అలాగే ఉండాలి
అని టైపు చేసి
పంపకుండా ఉంచాను రెండు రాత్రులు.
రెండు రాత్రులూ ఉప్పు చల్లాను,
ఇతరుల చక్రాలు జారకుండా.

మూడో రాత్రి పంపేశాను.
ఆవిడ అక్షరం దిద్దింది, నా మాట కిందనే చేర్చింది,
పైగా ధన్యవాదాలు చెప్పింది.
గంటలో ఇంకో ముగ్గురు పాటగాళ్లు.
నలభై ఒకటి నూట నలభై ఎనిమిదయింది.
నిజం ఖరీదు నూట ఏడు డాలర్లు.
హెచ్చు పాట నాదే.
పోస్టు ఛార్జీ ముప్ఫై ఒకటి వేరే;
టేపు మీద దాని గురించి ఏమీ రాసిలేదు.

పెట్టె తెరిస్తే నాఫ్తలీను వాసన.
మూత లోపల గోళ్లరంగుతో ఎర్రగా: ఆర్డిస్.
కింద పాఠాల పుస్తకం,
పదిహేడు దాకా పెన్సిలు టిక్కులు,
తర్వాత పేజీలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి.
ఎందుకు ఆపావని అడగడానికి
ఆర్డిస్ లేదట. చెల్లెలు రాసింది.

దీనికి మెట్లు లేవు.
మెట్ల బొమ్మలు గీశారు, అంతే.
ఎక్కడ ఆగాలో కడ్డీకి తెలియదు, చెవి చెప్పాలి.
తెల్లగీత కనపడని రాత్రి
రోడ్డు మధ్య ఎక్కడుందో
సీటు కింది నుంచి తెలుసుకున్నట్టు.

శబ్దం పెంచే మీట తిప్పితే
పార కింద కంకర నలిగినట్టు గరగర.
మొదటి స్వరం గీతకి ఇవతల పడింది.
రెండోది దాటిపోయింది.
మా ఆవిడ కెర్టు వంటగదిలోంచి
"కుక్కని బయటికి వదలనా?" అంది.
కుక్క ఇక్కడే ఉంది, నన్నే చూస్తూ.

ఆర్డిస్ పదిహేడులో ఆగింది.
నేను రెండులో ఉన్నాను.

మూడున్నరకి ఫోను:
నలభై ఒకటో నంబరు రోడ్డు మీద ఆరంగుళాలు, గాలి కూడా.
బూట్లు తొడుక్కున్నాను. తాళాలు తీసుకున్నాను.
కడ్డీ ఇంకా చేతిలోనే ఉంది.
ఆ రెండు వేళ్ల మధ్య, వెచ్చగా.
జేబులో వేసుకుని బయల్దేరాను.